కేకు మనిషి గొంతు కోసిన శనివారం

ఓడెన్సే ఊళ్ళో నేను సిటీ బస్సు నడుపుతాను.
తాగి తూలేవాళ్ళని, టికెట్టు లేకుండా నసిగేవాళ్ళని,
మ్యాచి ఓడి అర్ధరాత్రి ఏడ్చేవాళ్ళని
అద్దంలోంచి ఒక్క చూపుతో కూర్చోబెడతాను.
ఏడేళ్ళ పిల్లలు నాకో లెక్కా, అనుకున్నాను.

బడిలో ఒక నియమం ఉంది:
పిలిస్తే క్లాసంతా పిలవాలి,
లేదా మగపిల్లలందరినీ, లేదా ఆడపిల్లలందరినీ.
ఏరుకోవడం కుదరదు.
మా అస్గర్‌కి ముగ్గురు మగపిల్లలూ ఇద్దరు ఆడపిల్లలూ ఇష్టం.
ఆ ఐదుగురి కోసం ఇరవై రెండు మందిని పిలిచాం,
పోయినేడు వాడి చెయ్యి కొరికిన బెర్ట్రామ్‌తో సహా.

ఆ రాత్రి నుంచే మొదలు.
సిల్యేకి గోధుమ పడదు.
ఇద్రీస్‌కి జెల్లీ మిఠాయిలు దేంతో చేశారో చూసి పెట్టండి.
మాల్తేకి నట్స్ పడవు, వాటి పేరెత్తితే వాళ్ళమ్మకి పడదు.
లీవా నిన్నటి నుంచి శాకాహారి,
రేపటి మాట రేపు చెబుతారట.
స్టోర్మ్ అన్నీ తింటాడు,
మా భయమూ అదేనండీ, అని రాశాడు వాళ్ళ నాన్న.
కాగితం మీద కొట్టివేతలు పూర్తయ్యేసరికి
అందరికీ పనికొచ్చేవి రెండు మిగిలాయి:
దోసకాయ, మంచినీళ్ళు.

"మా చిన్నప్పుడు ఇంత హంగామా ఎక్కడిది" అంటూ
మా ఆయన ఫ్రోడే జెండాలు కొనడానికి వెళ్ళాడు.
తోటకి నీళ్ళ గొట్టం కొనుక్కొచ్చాడు.
సగం ధరకి ఇస్తున్నారట.

కేకు మనిషిని చేయడం మా దేశాచారం.
లికోరైస్ జుట్టు, మిఠాయి గుండీలు, నిలువెత్తు కాకపోయినా బల్లెత్తు.
పుట్టినరోజు పిల్లాడు వాడి గొంతు కోస్తాడు,
కోసినంతసేపూ మిగతావాళ్ళు గొంతు చించుకుంటారు.
కేకు కోస్తే కేక వెయ్యాలి.
ఎందుకంటే నాకూ తెలీదు, మా అమ్మకీ తెలీదు.

గోధుమ లేని పిండి నా మాట వినలేదు.
రాత్రి రెండింటికి ఓవెన్ తెరిస్తే
ఒక కాలు వాచి, పొట్ట జారి
అచ్చం మా మామగారు పడుకుని ఉన్నారు.
పొద్దున్నే చూసి అస్గర్ అడిగాడు:
"తాతయ్యనా కొయ్యాల్సింది?"

కోశాడు.
ఇరవై రెండు గొంతులు ఒక్కసారి లేచాయి.
పక్కింటి బోదిల్ కంచె మీదుగా తల పెట్టి
"ఎవరైనా బతికున్నారా?" అంది.
నాలుగేళ్ళ మా విగ్గా మాత్రం
వెక్కుతూ లోపలికి పరిగెత్తి
ప్లాస్టరు తెచ్చి కేకు మెడకి అంటించింది.
ఆ ముక్క ఎవరూ ముట్టలేదు. స్టోర్మ్ తిన్నాడు,
ప్లాస్టరు తీసే.

ఇక నిధి వేట.
పటం నేనే గీశాను, అంచులు కాల్చి, టీ నీళ్ళలో ముంచి.
నిధి పెట్టె ఎక్కడ దాచానో
అదొక్కటే గుర్తు రావడం లేదు.
"తవ్వండి" అన్నాను, గంభీరంగా.
తవ్వారు.
ట్యులిప్ మళ్ళు పోయాయి, ఫ్రోడే కొత్త గొట్టం రెండుగా తెగింది,
వాన మొదలైంది, అయినా తవ్వారు.
నా అద్దంలో చూపు ఇక్కడ పని చెయ్యలేదు,
అద్దం లేదు కదా.
చివరికి బెర్ట్రామ్‌కి దొరికింది:
తుప్పు పట్టిన చెంచా.
కాసేపు నిశ్శబ్దం.
"సముద్రపు దొంగలదిరా!" అన్నాడు అస్గర్.
ఇద్దరూ కావలించుకున్నారు, బురదతో.

ముప్పై మూడు కానుకలొచ్చాయి.
వాడి దిండు కింద ఆ చెంచా ఉంది,
ఒక వారం వాడిది, ఒక వారం బెర్ట్రామ్‌ది.

సోమవారం తెల్లవారుజామున డిపోలో
నా లాకరు తీస్తే నిధి పెట్టె కనపడింది.
పిల్లల కంట పడకూడదని నేనే పెట్టాను, ఎంత తెలివి!
ఆరు గంటల ట్రిప్పులో ఎక్కినవాళ్ళందరికీ
తలా ఒక చాక్లెట్ నాణెం చేతిలో పెట్టాను.
"పుట్టినరోజా?" అడిగాడు ఫ్యాక్టరీ చొక్కా ముసలాయన.
"అయిపోయింది" అన్నాను,
తలుపులు మూసి, హాయిగా.